మ్యూ నాట్ మారిందా?

2020 జనవరిలో ఒక సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళి కంప్యూటరు తెరిచేసరికి రాత్రి నడిచిన బిల్డు ఎర్రగా కనిపించింది. ఇందులో వింతేమీ లేదు. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మందికి సోమవారాలు అలాగే మొదలవుతాయి. వింత ఏమిటంటే, శుక్రవారం సాయంత్రం తరవాత మా కోడులో ఒక్క లైను కూడా ఎవరూ ముట్టుకోలేదు. పడిపోయిన టెస్టు కూడా ఒక్కటే. ఆ ప్రాజెక్టు మొత్తంలో ఎన్నడూ పడిపోదని నేను పందెం కట్టగలిగిన టెస్టు అది. మ్యూ నాట్ విలువ 4పై × 10⁻⁷ కి సమానమా కాదా అని చూసే రెండు లైన్ల ముక్క. (పై అంటే మన 22/7 పై.)

మా క్లయింటు విద్యుత్ కొలత పరికరాలను సరిచూసే సాఫ్టువేరు తయారుచేస్తాడు. తీగచుట్ట కొలతలిస్తే దాని ఇండక్టెన్సు లెక్కకట్టడం లాంటి పనులకి అందులో మ్యూ నాట్ అవసరం. ఆ విలువని మేము బయటి లైబ్రరీ ఒకదాన్నుంచి తెచ్చుకుంటాం. శని ఆదివారాల్లో బిల్డు సర్వరు ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ని దానంతటదే దించుకుంది. పాత వెర్షనులో 1.25663706144 × 10⁻⁶ అని ఉన్న సంఖ్య కొత్తదానిలో 1.25663706212 × 10⁻⁶ అయింది. మొదటి తొమ్మిది అంకెలూ అవే. పదో అంకె దగ్గర తేడా.

నేను ఆలోచించడానికి అరనిమిషం కూడా తీసుకోలేదు. "లైబ్రరీలో బగ్గు ఉంది. మ్యూ నాట్ కొలిచే సంఖ్య కాదు, నిర్వచనం వల్ల వచ్చే సంఖ్య, అది మారే ప్రసక్తే లేదు. పాత వెర్షనుకి వెళ్ళిపోదాం" అని పదిహేను మందికి ఈమెయిలు కొట్టాను. అంత ధైర్యం ఎక్కడిదంటారా? ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం నుంచి వచ్చింది. "రెండు సమాంతర విద్యుత్ వాహకాల మధ్య బలానికి సమీకరణం రాబట్టి, దానినుంచి ఆంపియర్‌ని నిర్వచింపుము." ఎనిమిది మార్కుల ప్రశ్న. హాస్టల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేపి అడిగినా చెప్పేవాళ్ళం: శూన్యంలో ఒక మీటరు ఎడంగా ఉన్న, అనంతమైన పొడవు గల, మందం లెక్కలోకి రాని రెండు తీగల్లో ఎంత కరెంటు పోతే వాటి మధ్య మీటరు పొడవుకి 2 × 10⁻⁷ న్యూటన్ల బలం పుడుతుందో, అది ఒక ఆంపియర్. ఈ వాక్యానికి రెండో పక్క చూస్తే మ్యూ నాట్ కచ్చితంగా 4పై × 10⁻⁷ అయి తీరాలి.

గంటలోపే క్లయింటు వైపు నుంచి ఒక పెద్దాయన జవాబిచ్చాడు. రెండే వాక్యాలు. "ఆ నిర్వచనం 2019 మే 20న రద్దయింది. లైబ్రరీ సరిగ్గానే ఉంది."

మధ్యాహ్నం మీటింగులో నా మొహం ఎలా ఉందో పాఠకులు ఊహించుకోగలరు. రిలీజు రెండు రోజులు వెనక్కి పోయింది. గంటల లెక్కన డబ్బులు తీసుకునే కన్సల్టెంటు ధీమాగా తప్పు చెబితే అవతలివాళ్ళు ఏమీ అనరు. అదే ఇబ్బంది. ఆ రెండు రోజుల్లో, ఆ తరవాత చాలా శనివారాల్లో, ఈ రెండు తీగల సంగతి మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను. అప్పుడు తెలిసింది, ఎనిమిది మార్కులకి నేను రాసిన దాంట్లో అర్థమైంది రెండు మార్కులంత కూడా లేదని.

ముందు సూత్రం గుర్తు చేసుకుందాం. సమాంతరంగా ఉన్న రెండు తీగల్లో కరెంటు ఒకే దిశలో పోతే అవి ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. ఎదురెదురు దిశల్లో పోతే వికర్షించుకుంటాయి. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని బట్టీపట్టిన బుర్రకి ఇది తిరగబడినట్టు కనిపిస్తుంది. బలం రెండు కరెంట్ల లబ్ధాన్ని బట్టి పెరుగుతుంది, మధ్య దూరాన్ని బట్టి తగ్గుతుంది (దూరం వర్గాన్ని బట్టి కాదు). ఒక్కో ఆంపియరు, ఒక మీటరు ఎడం అయితే వచ్చే బలం 20 మైక్రోగ్రాముల బరువంత. దోమ బరువులో సుమారు వందో వంతు. అందుకే ఇంట్లో వైర్లు కదలడం మనం ఎన్నడూ చూడం.

చలి దేశాల్లో ఉన్నవాళ్ళు మాత్రం చూసి ఉండవచ్చు. బాటరీ చచ్చిపోయిన కారుకి పక్క కారు నుంచి జంపర్ కేబుళ్ళు తగిలించి తాళం తిప్పినప్పుడు, ఆ ఎర్ర కేబులూ నల్ల కేబులూ ఒక్క క్షణం ఉలిక్కిపడతాయి. ఒకదానిలో పోయిన 200 ఆంపియర్లే రెండోదానిలో తిరిగి వస్తాయి. దిశలు ఎదురు కనక వికర్షణ. కేబుళ్ళు ఒక సెంటీమీటరు ఎడంలో ఉంటే మీటరుకి 80 గ్రాముల తోపు. కేబులు ఎగిరిపడదు గాని, కదిలినట్టు తెలుస్తుంది.

దీన్ని మొదట చూసిన ఆయన ఆంద్రే మారీ ఆంపియర్. 1820లో డెన్మార్కులో ఎర్‌స్టెడ్ కరెంటు పోతున్న తీగ పక్కన దిక్సూచి ముల్లు పక్కకి తిరగడం గమనించి, జులైలో అచ్చువేయించాడు. సెప్టెంబరు 11న పారిస్‌లో సైన్సు అకాడమీ సభలో అరాగో ఆ ప్రయోగాన్ని చేసి చూపించాడు. వింటున్నవాళ్ళలో 45 ఏళ్ళ ఆంపియర్ ఉన్నాడు. సరిగ్గా వారం తిరిగేసరికి, 18న, తన మొదటి పత్రం చదివాడు. ఆ తరవాత వారం వారం అదే పని. అయస్కాంతం ఎక్కడా లేకుండా, వట్టి కరెంటు తీగలే ఒకదాన్నొకటి లాగుతాయి, తోస్తాయి అని చూపించాడు. ఇప్పటి స్టార్టప్ కుర్రాళ్ళు కూడా అంత వేగంగా డెమో ఇవ్వలేరేమో.

అప్పుడు ఒకాయన లేచి, "ఇందులో కొత్తేముంది? రెండు తీగలూ దిక్సూచిని కదుపుతాయని ముందే తెలుసు. కాబట్టి ఒకదాన్నొకటి కదుపుకుంటాయని వేరే చెప్పాలా?" అన్నాడట. దానికి అరాగో జేబులోంచి రెండు ఇనప తాళంచెవులు తీసి, "ఈ రెండూ కూడా దిక్సూచిని కదుపుతాయి. మరి ఒకదాన్నొకటి లాక్కోవడం లేదే?" అన్నాడని చెప్పుకుంటారు. నాకు ఈ కథ చాలా ఇష్టం. మన వృత్తిలో సగం బగ్గులు ఇక్కడే పుడతాయి: అ కి ఇ తో పని ఉంది, ఉ కి కూడా ఇ తో పని ఉంది, కనక అ కీ ఉ కీ సంబంధం ఉండితీరాలి అనుకోవడంలో.

ఇంతకీ ఆ బలం ఎక్కడినుంచి వస్తోంది? పాఠ్యపుస్తకం ప్రకారం, మొదటి తీగ తన చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది, ఆ క్షేత్రం రెండో తీగలో పోతున్న ఆవేశాల మీద బలం చూపిస్తుంది. లెక్క సరిపోతుంది, మార్కులు వస్తాయి. కాని ఇంకో దారి ఉంది. ఎడ్వర్డ్ పర్సెల్ 1965లో బర్కిలీ ఫిజిక్స్ కోర్సుకోసం రాసిన పుస్తకం వల్ల ఆ దారి ప్రచారంలోకి వచ్చింది. దాన్ని నేను ముప్ఫై దాటాక చదివాను. కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

రాగితీగలో కదలని ధన అయాన్లు, కదిలే ఎలక్ట్రాన్లు సమానంగా ఉంటాయి. అందుకే బయటినుంచి చూస్తే తీగకి ఏ ఆవేశమూ లేదు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డకోత ఉన్న తీగలో ఒక ఆంపియరు పోతుంటే ఎలక్ట్రాన్ల సగటు నడక వేగం సెకనుకి 0.07 మిల్లీమీటర్లు. అంటే గంటకి జానెడు, మహా అయితే జానెడున్నర. (స్విచ్చి వెయ్యగానే దీపం వెలగడానికి కారణం వేరు. తీగ పొడవునా ఎలక్ట్రాన్లన్నీ దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెడతాయి.)

ఇప్పుడు రెండో తీగలో ఒక ఎలక్ట్రాను భుజమ్మీద కూర్చుని మొదటి తీగ వైపు చూడండి. రెండు తీగల్లోనూ కరెంటు ఒకే దిశ అనుకుందాం. అక్కడి ఎలక్ట్రాన్లు మీతోపాటే నడుస్తున్నాయి కనక కదలనట్టు కనిపిస్తాయి. ధన అయాన్లు మాత్రం, రైల్లోంచి చూస్తే స్తంభాలు వెనక్కి పోయినట్టు, వెనక్కి పోతుంటాయి. కదిలే వస్తువు పొడవు కుదించుకుపోతుందని ఐన్‌స్టయిన్ సాపేక్షతా సిద్ధాంతం. అయాన్ల వరస కుదించుకుపోయింది కనక ఒక మీటరులో అవి కాస్త ఎక్కువ పడతాయి. మీ దృష్టిలో మొదటి తీగ కొద్దిగా ధనాత్మకం అయింది. మీరెక్కిన ఎలక్ట్రాను అటు లాగబడుతుంది. దిశలు ఎదురైతే అక్కడి ఎలక్ట్రాన్లు రెట్టింపు వేగంతో ఎదురొస్తూ ఇంకా ఎక్కువ కుదించుకుపోతాయి. తీగ రుణాత్మకంగా కనిపిస్తుంది. వికర్షణ. మనం అయస్కాంత బలం అని పేరుపెట్టింది ఇదే.

గంటకి జానెడు నడిచేవాటికి ఐన్‌స్టయిన్ ఎందుకు, నవ్వొస్తుంది అనుకుంటున్నారా? నేనూ అనుకున్నాను. కాగితం మీద లెక్క వేసి చూశాక నవ్వు ఆగిపోయింది. ఆ తీగ ఒక మీటరులో ఉన్న స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల ఆవేశం 13,600 కూలుంబులు. ధన అయాన్లే లేకపోతే, మీటరు ఎడంలో ఉన్న రెండు తీగల ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకునే బలం మీటరు పొడవుకి 3.3 × 10¹⁸ న్యూటన్లు. అంటే 33 పక్కన 13 సున్నాలు పెట్టినన్ని టన్నులు. ఆ మహాబలాన్ని ధన అయాన్లు పూర్తిగా రద్దుచేస్తున్నాయి, కదలిక వల్ల వచ్చే సవరణ మటుకు మిగిలిపోతోంది. ఎలక్ట్రాను వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చేస్తే ఆ సవరణ వస్తుంది: 6 × 10⁻²⁶. ఈ రెంటినీ గుణించండి. 2 × 10⁻⁷. మన ఎనిమిది మార్కుల సంఖ్య! తీగ మందం మార్చినా జవాబు ఇదే. మందం పెరిగితే ఆవేశం పెరుగుతుంది, వేగం అంతమేరకు తగ్గుతుంది.

దీన్ని ప్రోగ్రామురాసే వాళ్ళ కళ్ళతో చూడండి. డబుల్ ప్రెసిషన్‌లో మనకి దొరికేవి సుమారు 16 అంకెలు. 3.3 × 10¹⁸ లోంచి దాదాపు అంతే సంఖ్యని తీసేసి, ఇరవై ఆరో అంకె దగ్గర మిగిలినదాన్ని పట్టుకోవాలంటే మన కంప్యూటరు "సున్నా" అని చెప్పి ఊరుకుంటుంది. అలాంటి తీసివేతల్ని మనం కోడు రివ్యూలో తప్పుపడతాం. మరి ఇంట్లో తిరిగే మిక్సీ, ఫాను, వాషింగ్ మెషీను అన్నీ ఆ ఇరవై ఆరో అంకె మీదే తిరుగుతున్నాయి.

ఇదంతా తలకెక్కిన ఊపులో ఒక శనివారం రాత్రి విజయవాడలో ఉన్న మా బాబాయికి ఫోను చేశాను. ఆయన విద్యుత్ బోర్డులో ట్రాన్స్‌మిషన్ లైన్ల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. నా ఉపన్యాసం ఓపిగ్గా విన్నారు.

"ఎలక్ట్రాను భుజం సంగతి తరవాత చూద్దాం గాని, నువ్వు రైల్లో వచ్చేటప్పుడు మా 400 కేవీ లైన్లు చూశావా?" అన్నారు.

"చూశాను బాబాయ్."

"ఒక్కో ఫేజుకి రెండేసి తీగలు పక్కపక్కన పోతుంటాయి. మధ్యమధ్య వాటిని ఎడంగా పట్టి ఉంచేవి కనబడలేదూ? స్పేసర్లంటాం. ఎందుకు పెట్టామనుకున్నావు?"

"గాలికి కొట్టుకోకుండా."

"గాలీ ఉంది. మరి షార్టు సర్క్యూటైతే? లెక్క వెయ్యి, నీకొచ్చుగా."

వేశాను. రెండు తీగల్లోనూ కరెంటు ఒకే దిశ, కనక ఆకర్షణ. ఎడం 45 సెంటీమీటర్లు. మామూలు రోజున ఒక్కో తీగలో 500 ఆంపియర్లు అనుకుంటే బలం మీటరుకి 11 గ్రాములంత. తీగ బరువే మీటరుకి రెండు కిలోలు, కనక ఎవరికీ పట్టదు. ఎక్కడో షార్టయి ఒక్కో తీగలో 20,000 ఆంపియర్లు పారిందనుకోండి. కరెంటు 40 రెట్లు, బలం 40 వర్గం, అంటే 1600 రెట్లు. మీటరుకి 18 కిలోలు. తన బరువుకి తొమ్మిది రెట్ల బలంతో తీగలు ఒకదానిమీదికొకటి దూకుతాయి. ఆ కుదుపు స్పేసర్లనీ, ఇన్సులేటర్లనీ, టవరునీ లాగుతుంది.

"అదిరా నీ 2 × 10⁻⁷. మాకు అది సున్నా పక్కన సున్నా కాదు" అన్నారు.

డేటా సెంటర్ల అడుగున పోయే రాగి బస్ బార్లదీ ఇదే కథ. అక్కడ దిశలు ఎదురు, కనక బలం బయటికి. పది సెంటీమీటర్ల ఎడంలో 2,000 ఆంపియర్లు పోతుంటే మీటరుకి 800 గ్రాములు. 50,000 ఆంపియర్ల షార్టుకి మీటరుకి అర టన్ను. బార్లని అంత దగ్గర దగ్గరగా బిగించడం దేనికో నాకు అంతవరకూ తెలియదు, చూసి కూడా పట్టించుకోలేదు.

మళ్ళీ నిర్వచనానికి వద్దాం. అందులో ఆ 2 × 10⁻⁷ ఎవరు పెట్టారు? ప్రకృతి పెట్టలేదు. మనుషులు పెట్టారు, అదీ పాత కొలతలతో సరిపడాలని. సెంటీమీటరు, గ్రాము, సెకను పద్ధతిలో రెండు తీగల బలానికి ముందు "2" ఒక్కటే ఉండేది. ఆ పద్ధతిలో కరెంటు ప్రమాణం వాడుకకి మరీ పెద్దదని, అందులో పదో వంతుని 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభలో ఆంపియర్ అన్నారు. మీటరు, కిలోగ్రాముల్లోకి మార్చేసరికి ఆ పదో వంతులు, డైన్లు, న్యూటన్లు అన్నీ కలిసి 10⁻⁷ గా తేలాయి. మనం బాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటామే, అచ్చంగా అదే. 1908లో ఒకసారి దారి మార్చి, సెకనుకి 1.118 మిల్లీగ్రాముల వెండిని పూతపెట్టే కరెంటుని ఆంపియర్ అన్నారు. 1948లో మళ్ళీ తీగల దగ్గరకే వచ్చారు.

తీగల నిర్వచనంతో చిక్కు ఏమిటో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. అనంతమైన పొడవు గల తీగ ఏ హార్డువేరు షాపులోనూ దొరకదు. ప్రయోగశాలల్లో తీగచుట్టల్ని తక్కెడకి వేలాడదీసి, వాటి మధ్య బలాన్ని తూకంరాళ్ళతో సరితూచేవారు. ఎంత కష్టపడినా పదిలక్షల్లో కొన్ని వంతుల కచ్చితత్వం దగ్గర ఆగిపోయేది. ఈలోగా జోసెఫ్‌సన్ 1962లో ఊహించి చెప్పిన ప్రభావంతో వోల్టునీ, ఫాన్ క్లిట్జింగ్ 1980లో కనుక్కున్న దానితో ఓమ్‌నీ అంతకన్నా ఎంతో నికరంగా కొలవడం వచ్చేసింది. అందుకని 1990 జనవరి 1 నుంచి కొలతల శాస్త్రజ్ఞులు ఒక పని చేశారు. పుస్తకంలో నిర్వచనం అలాగే ఉంచి, ప్రయోగశాలల్లో వేరే విలువలు ఒప్పుకుని వాడుకున్నారు. మన భాషలో చెప్పాలంటే కోడుని ఫోర్కు చేశారు. ఇరవై తొమ్మిదేళ్ళు రెండు కొమ్మలూ విడివిడిగా నడిచాయి. మన ఇంటరు పుస్తకంలో ఈ సంగతి ఉన్నట్టు నాకు గుర్తులేదు.

2018 నవంబరు 16న వెర్సాయ్‌లో ఓటింగు పెట్టి రెండు కొమ్మల్నీ కలిపేశారు. 2019 మే 20 నుంచి అమలు. ఇప్పుడు ఎలక్ట్రాను ఆవేశం కచ్చితంగా 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులు. ఇది కొలత కాదు, నిర్ణయం. ఆంపియర్ దానినుంచి వస్తుంది. సెకనుకి సుమారు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్లు దాటితే ఒక ఆంపియరు. ఈ మార్పుకి ప్రయోగశాలల వోల్టు కోటిలో ఒక వంతు కదిలింది. బజారు మీటర్లకి తెలియనంత చిన్న తేడా.

ఒకటి స్థిరపడితే ఇంకొకటి కట్టు తెంచుకోవాలి కదా. ఆ తెంచుకున్నది మ్యూ నాట్. ఇదివరలో నిర్వచనం, ఇప్పుడు కొలత. ప్లాంకు స్థిరాంకం, కాంతి వేగం, ఎలక్ట్రాను ఆవేశం మూడూ కచ్చితమైపోయాయి కనక, మ్యూ నాట్‌లో మిగిలిన అనిశ్చితి అంతా 1/137 దగ్గర ఉండే సూక్ష్మనిర్మాణ స్థిరాంకానిదే. మీటరు ఎడంలో రెండు తీగలు పెట్టి ఒక్కో ఆంపియరు పంపితే వచ్చే బలం 2 × 10⁻⁷ న్యూటన్లని ఈనాడు ఎవరూ హామీ ఇవ్వరు. కొలిచి చూసుకోవాల్సిందే.

మా టెస్టు సంగతి. మీటింగులో మూడు సలహాలు వచ్చాయి: పాత లైబ్రరీకే కట్టేసుకోవడం (నాది), టెస్టు తీసిపారేయడం, ఎంతో కొంత తేడా ఉన్నా ఒప్పుకునేలా సడలించడం. చివరికి మ్యూ నాట్‌ని దాని అనిశ్చితితో సహా లైబ్రరీ నుంచే తెచ్చుకుని, ఏ సంవత్సరపు విలువో ఫలితాల్లో అచ్చువేసేలా రాశాం. 4పై × 10⁻⁷ కి నూరు కోట్లలో ఒక వంతుకి మించి దూరం పోతే తప్ప టెస్టు అరవదు. అదే ఫైల్లో కాంతి వేగానికి ఉన్న టెస్టుని మాత్రం కచ్చితంగానే ఉంచాం. అది ఇంకా నిర్వచనమే, 1983 నుంచి.

2024లో స్థిరాంకాల కొత్త పట్టిక వచ్చింది. సూక్ష్మనిర్మాణ స్థిరాంకానికి 2018లో బర్కిలీలో సీజియం పరమాణువులతో, 2020లో పారిస్‌లో రుబీడియం పరమాణువులతో వచ్చిన విలువలు ఒకదానితో ఒకటి సరిపడలేదు. అలాంటివన్నీ సర్దుబాటు చేసేసరికి మ్యూ నాట్ 1.25663706127 × 10⁻⁶ అయింది. అంతకుముందు పట్టికలో పాత విలువకి పైన ఉన్నది కాస్తా ఇప్పుడు కిందికి దిగింది. అదీ దాని అనిశ్చితి లోపలే, అంటే పాత 4పై × 10⁻⁷ తో తేడా లేదన్నా తప్పులేదు. కొత్త లైబ్రరీ వచ్చిన రాత్రి బిల్డు పచ్చగానే ఉంది.

ఆ వారం బాబాయికి ఫోను చేసి, మ్యూ నాట్ మళ్ళీ మారిందని చెప్పాను.

"ఈసారి ఎంత?"

"వెయ్యి కోట్లలో ఆరేడు వంతులు తగ్గింది."

"స్పేసర్లు మార్చాలా?"

"అక్కర్లేదు బాబాయ్."

"అయితే మీ పిన్నితో మాట్లాడు, ఆవకాయ ఎవరితో పంపాలో అడుగుతోంది."